ముదిమి మరపు కాదు.. మెదడు జబ్బు

అల్జీమర్స్‌పై కొరవడిన అవగాహన.. గడప దాటని వేదన
వలసల జిల్లాలో ఇంటి ఆడవారిపైనే సంరక్షణ భారం
ముందుగా గుర్తిస్తే రోగికి, కుటుంబానికి ఊరట

నిర్మల్: వయసు మీదపడితే మతి తప్పడం సహజమేనన్న నమ్మకం పల్లెల్లోనూ పట్టణాల్లోనూ బలంగా నాటుకుపోయింది. తాళంచెవి పెట్టిన చోటు మరచిపోయినా ముసలితనమే. అన్నం తిన్న అరగంటకే 'నాకు అన్నం పెట్టలేదు' అని అలిగినా ముసలితనమే. కన్నకొడుకును నిలదీసి 'ఎవరు నువ్వు' అని అడిగినా ముసలితనమే. నిజానికి ఇందులో మొదటిది మాత్రమే వయసుతో వచ్చే మరపు. మిగతా రెండూ మెదడును క్రమంగా తినివేసే వ్యాధికి ఆనవాళ్లు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే రోగి వైద్యానికి దూరమవుతున్నాడు. అతడిని కనిపెట్టుకుని ఉండే కుటుంబం ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేని నరకాన్ని అనుభవిస్తోంది.

ఏటా సెప్టెంబరు 21న ప్రపంచ అల్జీమర్స్ దినాన్ని పాటిస్తున్నారు. 1994లో మొదలైన ఈ ఆనవాయితీని 2012 నుంచి నెలంతా కొనసాగిస్తున్నారు. అయినా అవగాహన పెరిగిన దాఖలాలు కనిపించడం లేదు. వివిధ దేశాల అల్జీమర్స్ సంఘాల సమాఖ్య 2019లో జరిపిన సర్వేలో మూడింట రెండు వంతుల మంది ఇది వృద్ధాప్యంలో సహజమేనని చెప్పారు. అదే సమాఖ్య 2024లో మళ్లీ అడిగితే అలా చెప్పినవారు 80 శాతానికి చేరారు.

లెక్కలు చెబుతున్నదేమిటి?

జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, నిర్ణయశక్తి నానాటికీ క్షీణించి రోజువారీ పనులు సైతం చేసుకోలేని స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. తెలుగులో చిత్తవైకల్యమని వ్యవహరిస్తున్నారు. దీనికి దారితీసే జబ్బులు అనేకం ఉన్నా అల్జీమర్స్‌దే అగ్రస్థానం. డిమెన్షియా రోగుల్లో 60 నుంచి 70 శాతం మందికి అల్జీమర్సే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచవ్యాప్తంగా 2021 నాటికి 5.7 కోట్ల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని, ఏటా సుమారు కోటి మంది కొత్తగా దీని బారిన పడుతున్నారని ఆ సంస్థ తెలిపింది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉన్నట్లు వృద్ధుల స్థితిగతులపై జాతీయ స్థాయిలో జరిగిన అధ్యయనం వెల్లడించింది. 2023లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం బాధితుల సంఖ్య 88 లక్షలు. 2036 నాటికి ఇది 1.69 కోట్లకు చేరవచ్చని అంచనా. ఇందులో గమనించవలసిన అంశాలు రెండున్నాయి. పురుషులకంటే స్త్రీలలో, పట్టణాలకంటే పల్లెల్లో వ్యాధి ఎక్కువగా కనిపించింది. చదువుకోనివారిలో మరింత అధికం. పట్నం జబ్బుగా, పెద్దింటి జబ్బుగా భావిస్తున్నది నిజానికి పల్లె జబ్బేనని దీన్నిబట్టి తేటతెల్లమవుతోంది.

2016 అక్టోబరు 11న ఏర్పడిన నిర్మల్ జిల్లా పరిధిలో 2011 జనగణన ప్రకారం జనాభా 7 లక్షల పైచిలుకు. అందులో పదో వంతు మంది 60 దాటినవారని అనుకుంటే 70 వేల మంది. ఈ జాతీయ సగటునే జిల్లాకు అన్వయిస్తే బాధితులు 5 వేలకు పైమాటే. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. సగటు రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. అదే అధ్యయనంలో ఢిల్లీలో 4.5 శాతం నమోదు కాగా జమ్మూకశ్మీర్‌లో 11 శాతం తేలింది. సంఖ్య కొంత అటూఇటూ అయినా, ప్రతి ఊళ్లోనూ ఇలాంటి ఇళ్లు కొన్ని ఉంటాయన్నది మాత్రం కాదనలేని సత్యం.

నూట ఇరవై ఏళ్ల నాటి మాట

ఈ జబ్బును తొలిసారి వివరించినవాడు జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రికి ఆగస్టే డిటర్ అనే 51 ఏళ్ల మహిళను తీసుకువచ్చారు. ఆమె తన పేరును సైతం సరిగా రాయలేని స్థితిలో ఉంది. భర్తపై అకారణంగా అనుమానం పెంచుకుంది. 1906లో ఆమె మరణించాక అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. నాడీకణాల చుట్టూ గడ్డకట్టిన పదార్థం, కణాల లోపల ముడులు పడిన పోగులు కనిపించాయి. అదే ఏడాది నవంబరు 3న ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సభలో ఆ వివరాలను సమర్పించారు. 1910లో ఆయన పేరుతోనే వ్యాధిని పిలవడం మొదలైంది.

ఆ గడ్డలు అమైలాయిడ్ అనే మాంసకృత్తు వల్ల, ఆ ముడులు టావ్ అనే మరో మాంసకృత్తు వల్ల ఏర్పడతాయని తరువాతి కాలంలో తేలింది. లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందునుంచే ఇవి మెదడులో పేరుకుంటూ వస్తాయి. కొత్త జ్ఞాపకాలను పదిలపరిచే భాగం ముందుగా దెబ్బతింటుంది. అందుకే ఉదయం జరిగిన సంగతి గుర్తుండదు, నలభై ఏళ్ల కిందటి పెళ్లి ముచ్చట్లు పూసగుచ్చినట్లు చెబుతారు. 'పాతవన్నీ బాగానే గుర్తున్నాయి, జబ్బెక్కడిది' అని ఇంటివారు పొరపడటానికి ఇదే ప్రధాన కారణం.

వలస వెళ్లిన కొడుకులు.. ఇంట మిగిలిన కోడళ్లు

అల్జీమర్స్ ఒక మనిషికి వచ్చే జబ్బు కాదు, ఇంటిల్లిపాదికీ వచ్చే జబ్బు అని వైద్యులు తరచూ అంటుంటారు. నిర్మల్ ప్రాంతంలో ఆ మాట అక్షరాలా నిజం. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్‌ల మాదిరిగానే ఈ జిల్లానుంచీ దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు వలసలు సాగుతున్నాయి. చేతికందిన కొడుకు దుబాయి, సౌదీ, మస్కట్లలో ఉంటే ఇంటి దగ్గర తల్లిదండ్రులు, కోడలు, పిల్లలు మిగులుతారు. కోడలు బీడీలు చుట్టి, వ్యవసాయ పనులకు వెళ్లి సంసారాన్ని నెట్టుకొస్తుంది. అలాంటి ఇంట్లో మామకో అత్తకో ఈ జబ్బు వస్తే మొదట ఆగిపోయేది ఆ కోడలి సంపాదన.

రోగిని క్షణం విడిచి ఉండటానికి వీల్లేదు. వాకిలి తెరిచి ఉంటే బయటికి వెళ్లిపోతారు, తిరిగి రావడం తెలియదు. సన్నకారు రైతు ఇంటి ముందునుంచే ఎస్సారెస్పీ, కడెం కాలువలు పారే ఊళ్లు, 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఊళ్లు జిల్లాలో చాలానే ఉన్నాయి. దారి తప్పిన వృద్ధులకు అక్కడ అడుగడుగునా గండమే. పొద్దుగూకే వేళకు కొందరిలో ఆందోళన హెచ్చుతుంది. 'నేను మా ఇంటికి పోవాలి' అని పట్టుబడతారు. తాము ఉన్నది సొంత ఇంట్లోనేనని ఎంత చెప్పినా నమ్మరు. రాత్రంతా నిద్రపోరు, పక్కవారిని పోనివ్వరు. తెల్లవారితే అదే కోడలు మళ్లీ పనికి కూర్చోవాలి.

ఇంతకన్నా బాధించేది నింద. పైసలు, బంగారం ఎక్కడో దాచి మరచిపోయిన వృద్ధులు 'కోడలు దొంగిలించింది' అంటారు. 'నాకు తిండి పెట్టడం లేదు' అని వాడకట్టులో చెప్పుకుంటారు. జబ్బు సంగతి తెలియని ఇరుగుపొరుగు దాన్ని నిజమనుకుంటారు. ఆడబిడ్డలు వచ్చి నిలదీస్తారు. ఫోనులో విన్న కొడుకు అక్కడినుంచే కోపగించుకుంటాడు. వాస్తవానికి ఈ అనుమానాలు రోగి స్వభావం కావు, జబ్బు లక్షణాలు. 1901లో ఆగస్టే డిటర్‌లో కనిపించినదీ ఇదే. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలిస్తే ఎన్నో కాపురాల్లో కలతలు తగ్గుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం డిమెన్షియా రోగుల సంరక్షణకు ఇంటివారు సగటున రోజుకు 5 గంటలు వెచ్చిస్తున్నారు. ఈ సంరక్షణ గంటల్లో 70 శాతం స్త్రీలవే. 2019లో డిమెన్షియా వల్ల ప్రపంచంపై పడిన భారం 1.3 లక్షల కోట్ల డాలర్లు కాగా, అందులో సుమారు సగం కుటుంబ సభ్యులు జీతం లేకుండా చేసిన చాకిరీ విలువే. మన పల్లెల్లో ఆ చాకిరీకి లెక్కాపత్రం లేదు. పొద్దుపోయే దాకా పోగుపడని బీడీల కట్టల్లో, మానుకున్న కూలీల్లో, బడి మాన్పించిన ఆడపిల్లల చదువుల్లో అది కనిపిస్తుంది.

పేదలకే కాదు, పేరున్నవారికీ ఈ కష్టం తప్పలేదు. దేశ రక్షణ మంత్రిగా పనిచేసిన జార్జి ఫెర్నాండెజ్ అల్జీమర్స్‌తో చాలా ఏళ్లు మంచానికే పరిమితమై 2019 జనవరి 29న కన్నుమూశారు. ఆయన సంరక్షణ ఎవరి బాధ్యతన్న విషయమై 2010లో కుటుంబీకుల మధ్య తలెత్తిన వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన రొనాల్డ్ రీగన్ తనకు ఈ వ్యాధి సోకిందని 1994 నవంబరులో స్వయంగా లేఖ ద్వారా ప్రజలకు తెలియజేశారు. జబ్బును దాచిపెట్టకుండా బయటికి చెప్పడం ఆ దేశంలో అవగాహన పెరగడానికి ఎంతగానో తోడ్పడింది. ఇక్కడ అందుకు భిన్నంగా, ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నారని, నలుగురిలో నవ్వులపాలవుతామని జబ్బును దాస్తున్నారు. గాలి సోకిందని, ఎవరో చేయించారని మంత్రగాళ్లను ఆశ్రయించేవారూ లేకపోలేదు.

నిర్ధారణే అసలు సమస్య

ప్రపంచంలో డిమెన్షియా ఉన్నవారిలో 75 శాతం మందికి వ్యాధి నిర్ధారణ జరగడం లేదని అల్జీమర్స్ సమాఖ్య 2021 నివేదిక పేర్కొంది. కొన్ని అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో ఇది 90 శాతం వరకూ ఉండవచ్చని అంచనా. దీనికి దూరాభారం ఒక కారణం. నరాల వైద్య నిపుణులు ప్రధానంగా నగరాలకే పరిమితమయ్యారు. తానూరు, ముథోల్, ఖానాపూర్, కడెం మారుమూల పల్లెలనుంచి వృద్ధులను హైదరాబాద్ నిమ్స్‌కు తీసుకువెళ్లడమంటే రెండు, మూడు రోజుల పని, వేలల్లో ఖర్చు. కొత్త చోటు చూడగానే రోగి మరింత కలవరపడటం మరో ఇబ్బంది.

రెండో కారణం పరీక్ష తీరు. ఇవాళ తేదీ ఎంత, వంద నుంచి ఏడు తీసివేస్తూ పొమ్మను, ఒక వాక్యం రాయి అంటూ సాగే విదేశీ ప్రశ్నపత్రాలు అక్షరం ముక్క రాని అవ్వకు పనికిరావు. ఆరోగ్యంగా ఉన్నా ఆమె తప్పుతుంది. అమావాస్య ఎప్పుడో, ఏ కార్తెలో ఏ పైరు వేస్తారో, సంత ఏ వారమో అడిగితే తడుముకోకుండా చెబుతుంది. ఈ లోపాన్ని గుర్తించిన భారత వైద్య పరిశోధన మండలి దేశీయ భాషలకు, చదువుకున్నవారికీ చదువుకోనివారికీ తగినట్లుగా పరీక్షా సాధనాలను రూపొందింపజేసింది. 2020లో వెలువడిన వీటిలో హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళంతోపాటు తెలుగు కూడా ఉంది. ఇవి పెద్దాసుపత్రులకే పరిమితం కాకుండా జిల్లా స్థాయికి చేరవలసి ఉంది.

మూడో కారణం, మతిమరుపంతా అల్జీమర్సే అనుకుని ఆశ వదులుకోవడం. విటమిన్ బి-12 లోపం, థైరాయిడ్ మందగించడం, తీవ్రమైన దిగులు, తలకు దెబ్బ తగిలి లోపల నెత్తురు గడ్డకట్టడం, మెదడులో నీరు చేరడం వంటి వాటివల్ల కూడా మతి తప్పుతుంది. వీటిలో చాలావరకు చికిత్సకు లొంగేవే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఒంట్లో ఉప్పు తగ్గినా వృద్ధులు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడతారు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా మారితే అది అల్జీమర్స్ కాదు, తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన పరిస్థితి అని గుర్తించాలి.

ఉత్తర తెలంగాణలో దీనికి తోడు కల్తీ కల్లు బెడద ఉంది. మత్తు కోసం కలిపే డైజోపాం, అల్ప్రాజోలం వంటి మందులు వృద్ధుల మతిని మరింత మందగింపజేస్తాయి. ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు దొరకక పిచ్చిచేష్టలతో, మూర్ఛలతో పెద్దసంఖ్యలో జనం ఆసుపత్రుల పాలయ్యారు. మతిమరుపుతో వచ్చిన వృద్ధుల కల్లు అలవాటు గురించి వైద్యుడికి దాచకుండా చెప్పడం ఎంతో అవసరం.

మందులున్నాయా?

వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ వంటి మాత్రలు కొందరిలో కొంతకాలం లక్షణాలను అదుపు చేస్తాయి. రోగి తన పనులు తాను చేసుకునే కాలాన్ని కొంత పొడిగిస్తాయి. మెదడులోని అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికా అనుమతి లభించింది. అయితే ఇవి వ్యాధి తొలిదశలో ఉన్నవారికి మాత్రమే. క్షీణతను నెమ్మదింపజేస్తాయే తప్ప ఆపలేవు. మెదడు వాపు, నెత్తురు చిమ్మడం వంటి దుష్ప్రభావాల వల్ల తరచూ స్కానింగులు తప్పవు. ఖర్చు సామాన్యుల అందుబాటులో లేదు. కాబట్టి మందుకన్నా మిన్న అయినది ఇప్పటికీ సంరక్షణే.

మాటల్లోనే మందు

ఈ వ్యాధిపై తెలుగునేల నుంచి వెలువడి ప్రపంచం దృష్టిని ఆకర్షించిన పరిశోధన ఒకటుంది. అప్పట్లో నిమ్స్ నరాల వైద్యురాలిగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికి సగటున 61.1 ఏళ్లకు జబ్బు మొదలైతే, రెండు భాషలు వచ్చినవారికి 65.6 ఏళ్లకు మొదలైనట్లు తేలింది. అంటే నాలుగున్నరేళ్లు ఆలస్యం. ఈ ఫలితాలు 2013లో అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురితమయ్యాయి. బడిముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించడం విశేషం. చదువు వల్ల వచ్చిన లాభాన్ని భాషల వల్ల వచ్చిందని పొరబడ్డారన్న వాదనకు ఇది సమాధానమైంది.

తెలుగుతోపాటు ఉర్దూ, మరాఠీ, గోండి, లంబాడీ వినిపించే నిర్మల్ జిల్లాకు ఈ పరిశోధన ఆసక్తికరమైనదే. భైంసా, ముథోల్ ప్రాంతాల్లో సంతకు వెళ్లిన రైతు మూడు భాషల్లో బేరమాడటం సాధారణ దృశ్యం. మాట మారినప్పుడల్లా మెదడు ఒక భాషను అణచి మరో భాషను అందుకుంటుంది. ఆ కసరత్తే మెదడుకు బలమన్నది పరిశోధకుల భావన. భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు. మెదడుకు పని తగ్గకూడదన్నదే ఇందులోని సారాంశం. పెద్దలు పిల్లలతో ఇంటి భాషలో మాట్లాడటం మానకపోవడం ఇరువురికీ మేలు.

ముప్పును తగ్గించే మార్గాలు

వయసును, వంశపారంపర్యాన్ని మార్చలేం. అయితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం మన చేతుల్లో ఉన్న కారణాలతో ముడిపడి ఉన్నాయని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ప్రకటించింది. అలాంటివి 14 కారణాలను గుర్తించింది. చిన్నతనంలో చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు మందగించినా చికిత్స చేయించకపోవడం, రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగతాగడం, మితిమీరిన మద్యం, తలకు దెబ్బలు, వ్యాయామం లేకపోవడం, దిగులు, ఒంటరితనం, వాయు కాలుష్యం ఈ జాబితాలో ఉన్నాయి.

వీటిలో పల్లెవాసులు అంతగా పట్టించుకోనివి చెవి, కన్ను. వినిపించని మనిషి మాటల్లో కలవడు, కలవనివాడు ఒంటరవుతాడు, ఒంటరితనంలో మెదడు మొద్దుబారుతుంది. శుక్లాల శస్త్రచికిత్స, చెవి మిషను ఖర్చు దండుగ అనుకోవడం సరికాదు. 30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేసే జాతీయ కార్యక్రమం ఊరూరా అమలవుతోంది. ఆ మాత్రలను నడుమ మానకుండా వాడటం గుండెతోపాటు మెదడుకూ రక్షణే. తలకు దెబ్బల సంగతికి వస్తే, ద్విచక్రవాహనంపై హెల్మెట్ పెట్టుకోవడం యువకుడు తన ముసలితనానికి చేసుకునే మేలు.

చట్టం ఏమంటోంది?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిర్లక్ష్యానికి గురైన వృద్ధులు రెవెన్యూ డివిజనల్ అధికారి ఆధ్వర్యంలోని ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. జిల్లాలో నిర్మల్, భైంసాల్లో డివిజన్లు ఉన్నాయి. నెలకు గరిష్ఠంగా 10 వేల రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. సంరక్షిస్తామన్న షరతుపై ఆస్తి రాయించుకుని ఆపై వదిలేస్తే ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. వృద్ధులను విడిచిపెడితే 3 నెలల వరకు జైలు, 5 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. మతి తప్పినవారు తమంతట తాము దరఖాస్తు చేసుకోలేరు కనుక వారి తరఫున మరో వ్యక్తి గానీ, సంస్థ గానీ చేయవచ్చు. ట్రైబ్యునల్ స్వయంగానూ స్పందించవచ్చు.

చాలా కుటుంబాలకు తెలియని మరో చిక్కుంది. మతి స్థిమితం లేని వ్యక్తి చేసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. వీలునామాకూ స్థిమితమైన మనసు తప్పనిసరి. ముందుగా రాసిచ్చిన సాధారణ అధికార పత్రం కూడా, రాసిచ్చిన వ్యక్తి మతి కోల్పోతే కాంట్రాక్టు చట్టం ప్రకారం విలువ కోల్పోతుంది. బ్యాంకు ఖాతా, భూమి, పింఛను వ్యవహారాలను తొలిదశలోనే, రోగికి తెలివి ఉన్నప్పుడే ఆయన ఇష్టప్రకారం చక్కబెట్టుకోవాలి. ఆలస్యమైతే అన్నదమ్ముల మధ్య తగవులకు, అమాయకుడి వేలిముద్రతో భూములు కాజేసే మోసాలకు తావిచ్చినట్లవుతుంది.

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన నిర్వచనంలో జ్ఞాపకశక్తి రుగ్మతలనూ చేర్చింది. ప్రభుత్వ ఖర్చుతో చికిత్స పొందడం హక్కు అని అది చెబుతోంది. ఆ హక్కు దవాఖానా గుమ్మం వద్ద నెరవేరాలంటే అడిగేవారు ఉండాలి.

జిల్లాలో చేయదగినవి

కేరళ ఈ విషయంలో దారి చూపింది. దేశంలో అల్జీమర్స్ బాధితుల కోసం ఏర్పడిన తొలి జాతీయ సంఘం 1992లో అక్కడే పుట్టింది. 2014లో ఆ రాష్ట్ర ప్రభుత్వం సంఘంతో కలిసి డిమెన్షియాపై ప్రత్యేక కార్యక్రమం చేపట్టి, పగటి సంరక్షణ కేంద్రాలకు, సంరక్షణాలయాలకు శ్రీకారం చుట్టింది. కర్ణాటక 2022లో నిమ్హాన్స్ సాయంతో మెదడు ఆరోగ్య కార్యక్రమాన్ని జిల్లా ఆసుపత్రులకు తీసుకువెళ్లింది.

నిర్మల్‌లో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆదిలాబాద్‌లో రిమ్స్ అంతకుముందే ఉంది. వారానికి ఒక పూట జ్ఞాపకశక్తి పరీక్షల విభాగం నడిపితే జిల్లా రోగులకు హైదరాబాద్ ప్రయాణం చాలావరకు తప్పుతుంది. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. తెలుగు ప్రశ్నపత్రం, బి-12, థైరాయిడ్ పరీక్షలు, ఓపికగా వినే వైద్యుడు ఉంటే తొలి అంచనాకు సరిపోతుంది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు రక్తపోటుతోపాటు 'అవ్వకు మరపు ఎట్లుంది' అన్న ఒక్క ప్రశ్న అడిగినా ఎందరో వెలుగులోకి వస్తారు. ప్రతి నెలా పింఛను పంపిణీ జరిగే చోట వృద్ధులంతా కనిపిస్తారు. వరుసగా రెండు నెలలు దారి తప్పినవారిని, సొమ్ము తీసుకున్న సంగతి మరచి మళ్లీ వచ్చినవారిని అక్కడి సిబ్బంది గుర్తించి చెప్పగలరు.

మహిళా స్వయం సహాయక సంఘాలకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. ఒక ఇంటి రోగిని మరో ఇంటివారు వారానికి రెండు గంటలు చూసుకున్నా, ఆ కోడలికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. మనసు విప్పి చెప్పుకునే చోటు దొరికితే సగం భారం దిగుతుంది. వృద్ధుల కోసం 14567, మానసిక సమస్యల సలహాకు 14416 నంబర్లు ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. సంరక్షకులు తమ బాధ చెప్పుకోవడానికీ వీటిని వినియోగించుకోవచ్చు.

గుర్తించవలసిన లక్షణాలు

* అడిగిందే పదేపదే అడగడం, ఇటీవలి సంగతులు మరచిపోవడం
* రోజూ చేసే వంటలో, డబ్బు లెక్కలో, పొలం పనిలో తడబాటు
* తెలిసిన వీధిలోనే దారి తప్పడం, రాత్రీపగలూ తేడా తెలియకపోవడం
* వస్తువుల పేర్లు అందక 'అది, ఇది' అంటూ మాట్లాడటం
* వస్తువులను వింత చోట్ల పెట్టి, దొంగిలించారని అనుమానించడం
* నలుగురిలో కలవకపోవడం, కారణం లేని కోపం, దిగులు

వీటిలో రెండు, మూడు లక్షణాలు ఆరు నెలలుగా పెరుగుతూ వస్తే వైద్యుడిని సంప్రదించాలి.

ఇంటివారికి సూచనలు

* వాదించవద్దు. 'ఇందాకే చెప్పాను కదా' అనవద్దు. మాట మార్చి, మనసు మళ్లించాలి.
* ఒకసారి ఒకే పని చెప్పాలి. స్నానం, భోజనం, నిద్ర రోజూ ఒకే వేళకు జరగాలి.
* జేబులో గానీ మెడలో గానీ పేరు, ఊరు, ఫోను నంబరుతో చీటీ ఉంచాలి. ఇరుగుపొరుగుకు జబ్బు సంగతి చెప్పాలి.
* గ్యాసు, పురుగుమందులు, కత్తులు అందకుండా చూడాలి. రాత్రివేళ మరుగుదొడ్డి దారిలో దీపం ఉంచాలి.
* చేతికి అలవాటైన పని ఇవ్వాలి. బియ్యంలో రాళ్లు ఏరడం, కూరగాయలు వలవడం, పాత పాటలు పాడించడం మేలు. మాటలు మరచిన అవ్వలు సైతం బతుకమ్మ పాట అందుకుంటారు. చేతి అలవాట్లు, పాటలు మెదడులో అన్నిటికన్నా ఆలస్యంగా చెరుగుతాయి.
* సంరక్షణను ఒక్కరికే వదిలేయవద్దు. గల్ఫ్‌లో ఉన్న కొడుకులు, అత్తవారింట ఉన్న కూతుళ్లు ఖర్చును, సెలవు రోజులను పంచుకోవాలి. ఫోనులో తప్పులు వెదకడానికి బదులు ధైర్యం చెప్పాలి.

రోగి అన్నీ మరచిపోయినా, తనతో ఎలా నడుచుకున్నారన్న భావన మాత్రం చాలాకాలం నిలుస్తుందని వైద్యులు చెబుతున్నారు. కసిరితే ఎందుకు కసిరారో గుర్తుండదు, ఆ బెదురు మిగులుతుంది. ఆప్యాయంగా చేయి పట్టుకుంటే పట్టుకున్నది ఎవరో తెలియదు, ఆ నెమ్మది మిగులుతుంది. మందు లేని జబ్బుకు కుటుంబం ఇవ్వగలిగిన వైద్యం అదే. ఆ కుటుంబానికి బాసటగా నిలవడం ఊరి బాధ్యత, దవాఖానా బాధ్యత, సర్కారు బాధ్యత.